పిల్లల ఉక్రెయిన్ నాట్య దుస్తులు: అద్దెకా, కొనడమా, కుట్టించడమా?

ఉక్రెయిన్ జానపద నాట్యం తరగతిలో పిల్లని చేర్చిన కొన్నాళ్ళకే దుస్తుల జాబితా చేతికొస్తుంది. సొరోచ్కా, కెర్సెట్కా, ప్లఖ్తా, వినోక్, చోబొతి. పేర్లు కొత్తేగానీ వస్తువులు కొత్తవి కావు: కుట్టుపని చేసిన తెల్ల చొక్కా, ఒంటికి అతుక్కునే చేతుల్లేని కోటు, గళ్ళ లంగా, రిబ్బన్లు వేలాడే పూల కిరీటం, ఎర్ర బూట్లు. అబ్బాయిలకు చొక్కాతో పాటు షరవారి అనే బాగా వెడల్పాటి పైజామా, నడుముకి చుట్టే పోయాస్ అనే పట్టీ.

1891లో పశ్చిమ ఉక్రెయిన్ పల్లెల నుంచి కెనడా మైదానాలకు వలస మొదలైంది. 1925 చివర్లో వసీల్ అవ్రమెంకో అనే నాట్య గురువు అక్కడికి వెళ్ళి చాలా ఊళ్ళలో ఈ నాట్యం నేర్పాడు. ఎడ్మంటన్‌లో 1974 నుంచి ఇంగ్లీషు, ఉక్రెయినియన్ రెండింట్లో పాఠాలు చెప్పే బళ్ళున్నాయి. అందుకే కెనడాలోని ఆల్బర్టా, మానిటోబా రాష్ట్రాల వైపు ఇంట్లో ఆ భాష రాని పిల్లలూ ఈ తరగతులకు వెళ్తుంటారు. స్నేహితురాలితో పాటు మీ అమ్మాయీ వెళ్తానంటే ఈ జాబితా మీ ఇంటికీ వస్తుంది.

ఫొటోలో ముద్దొచ్చే డ్రెస్సు వేరు, నాలుగు నిమిషాల గెంతుల నాట్యమైన హోపాక్‌లో ఊడకుండా నిలిచే డ్రెస్సు వేరు. పిల్ల గెంతుతుంది, గిరగిరా తిరుగుతుంది, చెమటలు కక్కుతుంది, ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంది. కింద చెప్పే ప్రతి ఎంపికనీ ఈ లెక్కలోనే చూశాం. క్లుప్తంగా మా సలహా: డబ్బు బూట్ల మీద, చొక్కా మీద పెట్టండి, అలంకారాల మీద తగ్గించండి.

ముందు ప్రాంతం తేల్చుకోండి

ఏ నాట్యానికి ఆ ప్రాంతం దుస్తులే వేయాలి. హోపాక్, కొజచోక్ మధ్య ఉక్రెయిన్‌వి. వాటికి పోల్తావా ప్రాంతం దుస్తులు, అంటే పైన జాబితాలో చెప్పినవే. కొలొమీకా, అర్కాన్ లాంటివి కార్పాతియన్ కొండలవి. వాటికి అక్కడి హుత్సుల్ జనం దుస్తులు: ముందొకటి వెనకొకటి కట్టే జపాస్కాలు, కెప్తార్ అనే గొర్రెతోలు కోటు, కాళ్ళకు పోస్తోలి అనే మెత్తటి తోలు చెప్పులు. చెర్నివ్‌ట్సి చుట్టుపక్కల బుకోవినాలో చొక్కా చేతుల నిండా పూసల పని ఉంటుంది. పోల్తావా పూల కిరీటం పెట్టి హుత్సుల్ కోటు తొడగడమంటే కూచిపూడి జడకుచ్చులు వేలాడేసి లంబాడీ లంగా కట్టినట్టు. తెలియనివాళ్ళు చప్పట్లు కొడతారు, తెలిసినవాళ్ళ మనసు చివుక్కుమంటుంది.

ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు పోల్తావానే మేలు. తొడగడం తేలిక, పిల్లలే సగం వేసుకుంటారు. పోస్తోలి తాళ్ళు పిక్కల దాకా చుట్టి కట్టడానికి ఒక్కో పిల్లకీ పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి. సరిగా కట్టకపోతే మూడో గెంతుకే జారిపోతాయి. బుకోవినా పూసల చేతులు చిన్న భుజాలకు బరువు. పైగా ఒక దారం తెగితే పూసలు వేదిక మీద దొర్లుతాయి, వాటి మీద కాలు పడితే జారి పడటమే. ఆ దుస్తులు పన్నెండేళ్ళు దాటాక చూసుకోవచ్చు.

అద్దె, రెడీమేడ్, దర్జీ

మొదటి ఏడాది అద్దెకు తీసుకోవడమే తెలివైన పని. నాట్య బృందం బీరువాలోంచి వచ్చినవైతే వరసలో పిల్లలందరి ఎరుపూ ఒకటే ఉంటుంది. ఇంటికో షాపులో కొంటే ఒకరిది కుంకుమ రంగు, ఒకరిది దానిమ్మ రంగు అవుతుంది. వేదిక లైట్ల కింద ఆ తేడా ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. తీసుకునేటప్పుడు చంకల్లో కుట్టు, హుక్కులు, నడుము ఎలాస్టిక్, రిబ్బన్ల చివర్లు చూడండి. ఎలాస్టిక్ లాగి వదిలితే వెంటనే ముడుచుకోవాలి, బద్ధకంగా వెనక్కొస్తే మార్పించండి. అద్దె బట్టని కత్తిరించకూడదు. పొడవు తగ్గించాలంటే చేత్తో కచ్చా కుట్టు వేసి, వాపసు ఇచ్చేటప్పుడు విప్పేయాలి.

ఉక్రెయిన్ నుంచి వచ్చే రెడీమేడ్‌లో పిల్లల సైజు అంటే వయసు కాదు, ఎత్తు: 110, 116, 122, 128 సెంటీమీటర్లు, ఇలా ఆరేసి చొప్పున. పిల్ల 117 ఉంటే 122 తీసుకోవాలి. ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. మే నెల మూడో గురువారం విషివాంకా (కుట్టుపని చొక్కా) దినానికి వేసుకునే మామూలు చొక్కాలు చూడ్డానికి అచ్చం ఇవే, ధరా తక్కువే. కానీ అవి ఒంటికి సరిపడా కుట్టినవి. చేతులు పైకెత్తితే చొక్కా మొత్తం పైకి లేచి నడుము దగ్గర బయటికొస్తుంది. నాట్యం చొక్కాకి ఛాతీ కొలత మీద కనీసం 14 సెంటీమీటర్ల వదులుండాలి. కొనేముందు పిల్ల కొలత చెప్పి ఊరుకోకుండా చొక్కా చుట్టుకొలత అడగండి.

సెలవులకు హైదరాబాదో విజయవాడో వచ్చినప్పుడు కుట్టించుకెళ్దాం అనుకునేవాళ్ళున్నారు. మంచి ఆలోచనే, నాలుగు జాగ్రత్తలు పాటిస్తే. మగ్గం వర్క్ వద్దు. పూసలు, జరీ, ఉబ్బెత్తు పని ఈ చొక్కాకి నప్పదు, పైగా చర్మానికి గీసుకుంటుంది. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి, అడ్డగీతల కుట్టు అంటే ఇంటూ గుర్తులా పడే కుట్టే కావాలని చెప్పండి. ఫొటో ఇస్తే వాళ్ళు నింపుడు కుట్టు వేసేస్తారు, గళ్ళ కాగితం మీద డిజైన్ ఇవ్వండి. ఒక్కో ఇంటూ గుర్తు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లుండాలి. అంతకన్నా సన్నగా ఉంటే పది మీటర్ల దూరం నుంచి మరకలా కనిపిస్తుంది. ముందొక నమూనా ముక్క కుట్టించి, ఉతికి చూశాకే చొక్కా గుడ్డ ఇవ్వాలి. బృందం వాడే ఎరుపు రంగు గుడ్డ జానెడు ముక్క వెంట తీసుకెళ్ళండి, ఫోన్ తెరలో చూపించిన రంగు నమ్మడానికి లేదు.

దర్జీకి ఇచ్చే కొలతలు మామూలు లంగా జాకెట్టు కొలతల కన్నా రెండు మూడు ఎక్కువ: మోచేయి వంచి చేతి పొడవు, తల చుట్టుకొలత, మెడ ఎముక నుంచి నడుము దాకా వీపు పొడవు. మోచేయి చాచి కొలిస్తే నడుము మీద చేతులు పెట్టి నిలబడగానే ముంజేతి పట్టీ పైకెక్కిపోతుంది.

చొక్కా: అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే

గుడ్డలో మూడు దారులున్నాయి. నార గుడ్డ అసలైనది, అందంగా వాలుతుంది, కానీ కారులో కూర్చుని వచ్చేసరికి నలిగిపోతుంది. నూలు పాప్లిన్ చెమట పీల్చుకుంటుంది, ఎంబ్రాయిడరీని బాగా మోస్తుంది, ఇస్త్రీ తప్పదు. పాలీకాటన్ నలగదు, త్వరగా ఆరుతుంది, కానీ చెమట వాసన వదలడం కష్టం. ఒక్క పిల్లకైతే పాప్లిన్, ఇరవై చొక్కాలు ఒకేసారి చూసుకోవాల్సిన బృందానికైతే నూలు పాలు ఎక్కువున్న పాలీకాటన్. పూర్తి పాలిస్టర్ పిల్లలకు వద్దు, లోపల ఉడికిపోతారు.

నూలు గుడ్డని కత్తిరించే ముందే ఉతికి ఆరేయాలి. మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు పాళ్ళు ముడుచుకుంటుంది. ఎంబ్రాయిడరీ చేసిన రెడీమేడ్ పట్టీ కొని చేతులకు అతికించే పద్ధతి చవకైనదే, మొదటి చొక్కాకి తప్పేమీ లేదు. అయితే పట్టీనీ విడిగా ఉతికాకే కుట్టండి. లేకపోతే పట్టీ ఒకలా, గుడ్డ ఒకలా ముడుచుకుని చేతులు అప్పడంలా వంకరపోతాయి. మిషన్ ఎంబ్రాయిడరీలో రేయాన్ దారం మెరుస్తుందిగానీ తడిలో బలహీనపడుతుంది. పాలిస్టర్ దారం రంగు నిలుపుకుంటుంది. చేతి ఎంబ్రాయిడరీ నూలు దారం మెరవకుండా ఉంటుంది, పాత చొక్కాల అందానికి దగ్గర అదే. లోపలివైపు ఎంబ్రాయిడరీ వెనక గట్టి కాగితంలాంటి ఆధారం మిగిలిపోతే పిల్ల చేయి గీరుకుంటూనే ఉంటుంది. దాని మీద ఇస్త్రీతో అతుక్కునే మెత్తటి జాలీ గుడ్డ వేయించండి.

చంక కింద నలుచదరపు ముక్క పెట్టించడం మర్చిపోవద్దు. ఏడేళ్ళ పిల్లకి ఎనిమిది సెంటీమీటర్ల చదరం చాలు. పాత పల్లె చొక్కాల్లోనూ అది ఉండేది. ఆ ముక్క లేని చొక్కా చేయి పైకెత్తిన ప్రతిసారీ చంకలో లాగి, ఒక సీజన్‌లోనే చిరుగుతుంది. చేతుల్ని ఐదారు సెంటీమీటర్లు పొడవుగా కత్తిరించి ముంజేతి దగ్గర ఎలాస్టిక్‌తో బుడగలా నిలపండి. పెరిగేకొద్దీ ఆ బుడగే చేతిలోకి సర్దుకుంటుంది, రెండేళ్ళు వస్తుంది.

ఇక అమ్మాయిల చొక్కా పొడవు. లంగా కింద నాలుగైదు సెంటీమీటర్ల ఎంబ్రాయిడరీ అంచు కనిపించాలి. దానికి మోకాళ్ళు దాటే ఒకే పొడవు చొక్కా కుట్టొచ్చు. లేదా కాళ్ళ మధ్య టిచ్ బటన్లతో మూసే పొట్టి చొక్కా, దానికి తోడు అంచున్న లోపలి లంగా విడిగా కుట్టొచ్చు. రెండోది ఎంత గెంతినా నడుము దగ్గర కదలదు, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఐదేళ్ళ పిల్ల బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే ఆ బటన్లు తీసి పెట్టడానికి మనిషి కావాలి, అదీ వేదిక ఎక్కే ముందే అడుగుతుంది. ఏడేళ్ళ లోపు పొడవు చొక్కా, ఆ తర్వాత టిచ్ బటన్లది. రెండింటికీ కింద తెల్ల నిక్కరు తప్పనిసరి.

లంగా, కోటు

నేసిన ఉన్ని ప్లఖ్తా చాలా అందమైన గుడ్డ. పల్లెల్లో దాన్ని కుట్టకుండా చుట్టి కట్టేవాళ్ళు, ముందు తెరిచిన చోట ఏప్రాన్ కప్పేది. పిల్లల నాట్యానికి మాత్రం అది బరువు, వేడి, తిరిగినప్పుడు సరిగా విచ్చుకోదు. అదే గళ్ళ డిజైన్‌లో మధ్యస్థ మందం గుడ్డ తీసుకుని, నడుము పట్టీతో లంగాగా కుట్టిస్తే సరిపోతుంది. మెరిసే శాటిన్ మీద అచ్చేసిన గళ్ళు వద్దు, లైట్ పడితే గళ్ళు కనపడవు, మెరుపొక్కటే కనపడుతుంది. మన పరికిణీలకు పెట్టినట్టే కింద ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల మడత, వీలైతే లోపల ఒక టక్కు. ఏప్రాన్‌ను విడిగా కట్టడం కన్నా లంగా నడుము పట్టీకే కుట్టేస్తే పక్కకి తిరిగిపోదు.

కెర్సెట్కాకి వెల్వెట్ చాలామంది కోరుకుంటారు. బాగుంటుంది, కాకపోతే ముక్కలన్నీ నూగు ఒకే వైపు వాలేలా కత్తిరించాలి. ఒక ముక్క తలకిందులైతే అదొక్కటే వేరే రంగు గుడ్డలా కనిపిస్తుంది. దర్జీ గుడ్డ పొదుపు చేద్దామని ముక్కని తిప్పే అవకాశముంది, ముందే చెప్పండి. వెల్వెట్‌ని నీళ్ళలో పెట్టలేం, ఇస్త్రీపెట్టె ఆనించలేం. ఉతుక్కోగలిగిన గబర్డీన్ కోటు పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది. పక్క కుట్లలో చెరో మూడు సెంటీమీటర్ల గుడ్డ వదిలించండి. మూయడానికి హుక్కులే పెట్టించండి. వెల్క్రో తొందరగా పడుతుంది నిజమే, కానీ దాని గరుకు వైపు చొక్కా ఎంబ్రాయిడరీ దారాల్ని పట్టి పీకేస్తుంది, అప్పుడు చొక్కా మొత్తం పోతుంది.

షరవారి, పోయాస్

షరవారిలో తప్పు ఎప్పుడూ ఒకచోటే: కాళ్ళ మధ్య. గొంతుక్కూచుని కాళ్ళు విసిరే ప్రిసియాద్కా అడుగులో చిరిగేది అక్కడే. రెండు కాళ్ళ కుట్లూ కలిసే చోట డైమండ్ ఆకారం ముక్క పెట్టి, రెండు వరసల కుట్టు వేయించాలి. పొడవు చీలమండ కన్నా 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి, అప్పుడే బూటు మీద గుడ్డ నిండుగా వాలుతుంది. పల్చటి శాటిన్ మీద చెమట మరక వెంటనే తెలుస్తుంది, ఒంటికి అతుక్కుంటుంది. క్రేప్ లాంటి బరువుగా వాలే గుడ్డ మేలు. నడుముకి ఎలాస్టిక్ ఒక్కటే చాలదు, పట్టీ బరువుకి కిందికి జారుతుంది. ఎలాస్టిక్‌తో పాటు నాడా కూడా ఉండాలి.

పోయాస్ చుట్టడం నేర్చుకోవాల్సిన విద్య. చిన్న పిల్లలకు రెండు మీటర్ల పైచిలుకు పట్టీని రోజూ చుట్టే బదులు, ఒకసారి సరిగా చుట్టి పొరల్ని కలిపి కుట్టేసి, వెనక హుక్కులతో మూసేలా చేయండి. కుచ్చుల చివర్లు మోకాలి పైనే ఆగాలి. కిందికి వస్తే గెంతేటప్పుడు కాళ్ళకు చుట్టుకుంటాయి.

బూట్లు

తోలు బూటా, రెక్సిన్ బూటా? రెక్సిన్ చవక, కానీ వేళ్ళు వంగే చోట పగిలిపోతుంది, గాలి ఆడదు. తోలుది పాదం ఆకారానికి సర్దుకుంటుంది, ఒక పిల్లకి ఇరుకైతే ఇంకో పిల్లకి వెళ్తుంది, మళ్ళీ అమ్ముకోవచ్చు కూడా. వేళ్ళ ముందు అర సెంటీమీటరు ఖాళీ చాలు, ఒకటి దాటనివ్వొద్దు. పెరుగుతుంది కదా అని రెండు సైజులు పెద్దది కొంటే మడమ లోపల లేచి పడుతూ చీలమండ మెలిపడుతుంది. దుస్తుల్లో పెరిగే చోటు వదలొచ్చు, బూట్లలో వదలకూడదు. అడుగుకి రబ్బరు ఉంటే గిరగిరా తిరిగేటప్పుడు పాదం పట్టేసి మోకాలు మెలితిరుగుతుంది. మెత్తటి గరుకు తోలు అడుగే సరైనది, వేదిక మరీ నున్నగా ఉంటే వైర్ బ్రష్‌తో ఆ తోలుని కాస్త గీకండి. నాలుగైదేళ్ళ పిల్లలకైతే బూట్లే అక్కర్లేదు, బ్యాలే చెప్పుల మీద ఎర్ర గుడ్డ తొడుగులు సరిపోతాయి.

వినోక్, పూసలు

వినోక్‌కి హెయిర్‌బ్యాండ్ రకం, తల చుట్టూ తిరిగే రకం అని రెండున్నాయి. హెయిర్‌బ్యాండ్ చెవుల వెనక నొక్కి తలనొప్పి తెస్తుంది, తల విదిలిస్తే ఎగిరిపోతుంది. చుట్టూ తిరిగేదానికి వెనక ఎలాస్టిక్, లోపల నాలుగు చోట్ల దారపు ఉచ్చులు పెట్టించండి, జడలోకి స్లైడులు గుచ్చడానికి. లోపలంతా ఫెల్ట్ అతికించాలి, తీగ ముక్కలు పిల్ల నుదురు గీయకుండా. రిబ్బన్లు పది నుంచి పన్నెండు, నడుము దాటకుండా. చివర్లు ఏటవాలుగా కత్తిరించి కొవ్వొత్తి మంట పక్కన ఒక్క క్షణం చూపిస్తే పోగులు ఊడవు. మంటలో పెడితే నల్లగా కాలుతుంది. పాలిస్టర్ రిబ్బన్‌కే ఇది పనిచేస్తుంది, నూలుదైతే అంటుకుంటుంది.

కొరాలి అనే ఎర్ర పూసలకు అసలు పగడం పిల్లలకు అవసరం లేదు. చెక్క పూసలు తేలిక, గాజువి బరువు. ఎలాస్టిక్ దారం మీద గుచ్చినవి కొనకండి, అది తెలియకుండానే పలచబడి తెగుతుంది. గట్టి నైలాన్ దారం, ప్రతి పూసకీ మధ్య ముడి. అలా ఉంటే తెగినా ఒక్క పూసే రాలుతుంది. వరసల్ని కోటు భుజాల దగ్గర రెండు కుట్లతో నిలిపితే మొహానికి ఎగిరి తగలవు.

ఉతకడం, దాచడం

పెద్ద ప్రమాదం ఎరుపు తెలుపు మీదికి దిగడం. కొత్త దుస్తుల్లో ప్రతి ఎరుపు మీదా తడి తెల్ల గుడ్డ ఒక నిమిషం అదిమి చూడండి. రంగు అంటితే ఆ ముక్కని విడిగానే ఉతకాలి. ఉప్పు నీళ్ళలోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు నిలుస్తుందంటారు, ఇప్పటి నూలు రంగుల మీద వాటి ప్రభావం ఉండదు. నానబెట్టడమే తప్పు. చల్లటి నీళ్ళు, 30 డిగ్రీలు మించకుండా, పది నిమిషాల్లో తీసి, మెలిపెట్టకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, పరిచి ఆరేయండి. తడి చొక్కాని మడిచి సంచిలో ఒక గంట వదిలేసినా చాలు, ఎంబ్రాయిడరీ ఎరుపు పక్క గుడ్డలోకి పాకుతుంది. ప్రదర్శన అయ్యాక పిల్లలు సరిగ్గా చేసేది అదే, చెమటతో తడిసినదాన్ని బ్యాగులో కుక్కేస్తారు. బ్యాగులో ఒక హ్యాంగర్ పెట్టుకెళ్ళండి.

ఇస్త్రీ ఎంబ్రాయిడరీ వెనకవైపు నుంచి, కింద మందపాటి తువ్వాలు వేసి. హుత్సుల్ జపాస్కాలో మెరిసే దారం వేడికి కరుగుతుంది, పల్చటి గుడ్డ కప్పి తక్కువ వేడిలోనే చేయాలి. రిబ్బన్లకి ఇస్త్రీపెట్టె కన్నా జుట్టు నిటారు చేసే స్ట్రెయిట్‌నర్ తేలిక, తక్కువ వేడిలో ఒకసారి లాగితే చాలు. వెల్వెట్ కోటుకి ఆవిరి మాత్రమే. ఉతకలేని కోటు వాసనకి రంగస్థలం వాళ్ళ పద్ధతి ఉంది: రుచీ రంగూ లేని వోడ్కా, నీళ్ళు సమపాళ్ళలో కలిపి లోపలి లైనింగ్ మీద చల్లి గాలికి ఆరేస్తారు. మూలన చిన్న చోట ముందు పరీక్షించాలి.

వేసవి సెలవులకు దాచేటప్పుడు ప్లాస్టిక్ కవరు వద్దు, లోపల తేమ నిలిచి పసుపు మరకలొస్తాయి. నూలు సంచి మంచిది. ఉన్ని పట్టీల్లో చిమ్మట అనుమానముంటే గాలి చొరబడకుండా కవరులో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజు దాకా కవరు విప్పొద్దు, విప్పితే చల్లటి ఉన్ని మీద తేమ పడుతుంది. వినోక్‌ని టోపీ పెట్టెలో నిలబెట్టి, రిబ్బన్లని అట్టగొట్టం చుట్టూ చుట్టాలి, మడవకూడదు.

ప్రతి దుస్తు లోపలా పిల్ల పేరు బదులు ఎత్తు రాసిన గుడ్డ పట్టీ కుట్టండి: 122 అనో 128 అనో. కింది మడతలో ఇంకా ఎన్ని సెంటీమీటర్లు మిగిలాయో కూడా దాని మీదే చెరగని సిరాతో రాయండి. సెప్టెంబరులో కుట్టు విప్పేవాళ్ళు లోపల చేయి పెట్టి తడుముకోనక్కర్లేదు.